నానో డ్రగ్ డెలివరీలో పీహెచ్‌డీ చేయాలా, పరవాడలో ఉద్యోగంలో చేరాలా?

గాజువాక అమ్మాయి:
అందరికీ నమస్కారం. విశాఖలోనే ఎం.ఫార్మసీ, ఫార్మాస్యూటిక్స్ చదువుతున్నాను. ప్రాజెక్టు సాలిడ్ లిపిడ్ నానోపార్టికల్స్ మీద, అంటే మందును మోసుకెళ్లే అతి చిన్న కొవ్వు రేణువుల మీద. ఆ పని నాకు చాలా నచ్చింది. ఇంతలో పరవాడలో ఒక మందుల కంపెనీ క్యూఏలో (నాణ్యత చూసే విభాగంలో) ఉద్యోగం ఇస్తానంది. నాన్నగారు త్వరలో స్టీల్ ప్లాంట్‌లో రిటైర్ అవుతారు. చేతికొచ్చిన ఉద్యోగం వదులుకోవద్దంటున్నారు. గైడ్ గారేమో పీహెచ్‌డీకి వెళ్లమంటున్నారు. నానో అంతా పేపర్ల వరకేనా, దీంతో నిజంగా బతుకుతెరువు ఉంటుందా? ఈ రంగంలో ఉన్నవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

పరవాడ షిఫ్ట్:
నేను క్యూఏలోనే ఉన్నానమ్మా. బ్యాచ్ రికార్డులు, డీవియేషన్లు, ఆడిట్లు. క్రమశిక్షణ బాగా వస్తుంది, జీతం నెలనెలా పడుతుంది. కానీ ఇక్కడి నుంచి ఫార్ములేషన్ (మందును మాత్రగానో ఇంజెక్షన్‌గానో రూపొందించే పని) వైపు మారినవాళ్లను నేను చాలా తక్కువగా చూశాను. చేరే ముందే ఆ సంగతి అడిగి తెలుసుకో.

ఎంవీపీ కాలనీ:
నేను ఆంధ్రా యూనివర్సిటీలో బీఫార్మసీ చదివి, తర్వాత లైపోజోముల (మందును లోపల పెట్టే అతి చిన్న కొవ్వు బుడగల) మీద పీహెచ్‌డీ చేశాను. ఇప్పుడు ఇంజెక్షన్ల ఫార్ములేషన్ ఆర్ అండ్ డీలో ఉన్నాను. కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

పేపర్ల వరకే కాదు. డాక్సోరూబిసిన్ గొప్ప క్యాన్సర్ మందే, కానీ గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. దాన్ని సుమారు 100 నానోమీటర్ల లైపోజోములో పెట్టి, పైన పెగ్ అనే పాలిమర్ పూత వేసి తెచ్చిన డాక్సిల్‌కు 1995లోనే అమెరికాలో అనుమతి వచ్చింది. గుండెకు ముప్పు తగ్గింది. బదులుగా అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి చర్మం ఊడటం ఎక్కువైంది. ఆ రెండో సంగతి కూడా మీరు గుర్తుపెట్టుకోవాలి. 2012లో అమెరికాలో డాక్సిల్ కొరత వస్తే మన దేశంలో సన్ ఫార్మా తయారుచేసిన లైపోడాక్స్‌ను తెప్పించుకున్నారు. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు ఊరూరా జనం వెతికిన ఇంజెక్షన్ లైపోజోమల్ యాంఫోటెరిసిన్. మామూలు యాంఫోటెరిసిన్ కిడ్నీలను బాగా దెబ్బతీస్తుంది, లైపోజోములో పెడితే ఆ దెబ్బ తగ్గుతుంది.

వీటన్నిటిలో ముందు మందుకు ఒక కష్టం ఉంది, నానో ఆ తర్వాత వచ్చింది. చాలా థీసిస్‌లలో ఇది తలకిందులుగా ఉంటుంది. ముందు పార్టికల్ చేసేసి, తర్వాత దేనికని వెతుకుతారు. మామూలు మాత్రతో జరిగే పనికి నానో అక్కర్లేదని నేను గట్టిగా నమ్ముతాను. ఇంటర్వ్యూలో నేను మొదట అడిగేది కూడా ఇదే: ఈ మందుకు నానో ఎందుకు?

ఇంకో మాట. నానో మందు నేరుగా క్యాన్సర్ గడ్డకే వెళ్తుందని తేలిగ్గా రాసేస్తుంటారు. అంతకు ముందు పదేళ్లలో జంతువుల మీద జరిగి అచ్చయిన ప్రయోగాలను కలిపి 2016లో లెక్క చూస్తే, ఇచ్చిన డోసులో గడ్డకు చేరింది మధ్యస్థంగా 0.7 శాతమే. ఈ అంకె తెలిసి కూడా పని చేయాలనిపిస్తే ఈ రంగం మీదే.

రోజువారీ పని ఎలా ఉంటుందంటే, ఈరోజు సైజు 140 నానోమీటర్లు వచ్చిందనుకోండి. మూడు నెలల తర్వాత అదే సీసాలో అంతే ఉండాలి. బీకర్‌లో ప్రోబ్ సోనికేటర్‌తో (ధ్వని తరంగాలతో రేణువులను చిన్నవి చేసే పరికరంతో) చేసింది లీటర్లలో హోమోజినైజర్ మీద కూడా రావాలి. ఇంజెక్షనైతే స్టెరిలైజేషన్, అంటే క్రిములు లేకుండా చేయడం, పెద్ద తలనొప్పి. లైపోజోములు ఆటోక్లేవ్ ఆవిరి వేడికి సాధారణంగా తట్టుకోవు, 0.22 మైక్రాన్ (220 నానోమీటర్ల) ఫిల్టర్‌లోంచి పంపాలంటే పార్టికల్స్ అంతకంటే బాగా చిన్నవిగా ఉండాలి. మందు ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెథడ్ సొంతంగా డెవలప్ చేయగలిగితే మీకు పని దొరకడం సులువు.

ఇక డబ్బు సంగతి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఇప్పుడు నెలకు 37,000, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. ఫెలోషిప్ ఉంటే వెళ్లండి, నాన్నగారికి భారం కారు. లేకుండా మాత్రం మీ ఇంటి పరిస్థితిలో నేను వెళ్లమనను. అప్పుడు ఉద్యోగమే చూసుకోండి, కానీ క్యూఏ కాకుండా ఫార్ములేషన్ డెవలప్‌మెంట్‌లో ప్రయత్నించండి. మన పరవాడలో ఎక్కువగా ఉన్నవి బల్క్ డ్రగ్ (మందు ముడిపదార్థం తయారుచేసే) యూనిట్లు కాబట్టి హైదరాబాద్ వెళ్లాల్సి రావచ్చు, ఇంట్లో ఆ మాట ఇప్పుడే చెప్పి ఉంచండి. ల్యాబ్ ఎంచుకునేటప్పుడు పార్టికల్ సైజ్ ఎనలైజర్ అక్కడే ఉందా, శాంపిల్ ఇంకో ఊరు పంపాలా అని అక్కడి స్కాలర్లను అడగండి. గైడ్‌ను కాదు, స్కాలర్లను.

గాజువాక అమ్మాయి:
చాలా థాంక్స్ మేడం. నా ప్రాజెక్టులో మందు రాలోక్సిఫెన్, ఎముకలు గుల్లబారకుండా ఇచ్చేది. నానో ఎందుకంటే బయో అవైలబిలిటీ (రక్తంలోకి చేరే మందు వంతు) తక్కువని రాశాను. అది సరిపోతుందా?

ఎంవీపీ కాలనీ:
మంచి మందు ఎంచుకున్నారు. రాలోక్సిఫెన్ పేగుల్లోంచి 60 శాతం దాకా లోపలికి వెళ్తుంది, కానీ పేగు గోడలోనూ లివర్‌లోనూ మారిపోయి రక్తంలోకి వచ్చేది 2 శాతమే. అంటే సమస్య కరగడం ఒక్కటే కాదు. లిపిడ్ పార్టికల్స్ లింఫ్ (శోషరస నాళాల) దారిలో వెళ్లి లివర్‌ను తప్పించుకుంటాయన్నది మీ వాదన అవ్వాలి. దాన్ని చూపించాలంటే ఎలుకలకు సైక్లోహెక్సిమైడ్ ఇచ్చి, లింఫ్ దారి మూసి, రక్తంలో మందు తగ్గుతుందో లేదో చూస్తారు. మీ కాలేజీలో జంతు ప్రయోగాల ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందో కనుక్కోండి. ఇప్పుడు టైమ్ లేకపోతే పీహెచ్‌డీ ప్రపోజల్‌లో మొదటి ప్రయోగంగా పెట్టండి. ప్రపోజల్ రాశాక ఇక్కడే పెట్టండి, చదివి చెప్తాను.