వేటకూ టార్గెట్‌కూ ఒకే బుల్లెట్ సరిపోదా?

డాలస్_తమ్ముడు:
అన్నలూ, ఈ ఏడాదే 6.5 క్రీడ్‌మోర్ (తూటా రకం) రైఫిల్ తీసుకున్నాను. ఇన్నాళ్లూ వీకెండ్‌లో రేంజ్‌కి వెళ్లి కాగితం మీద కాల్చడమే. హార్నడీ కంపెనీ టార్గెట్ బుల్లెట్, 140 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) ఈఎల్‌డీ మ్యాచ్ వాడుతున్నాను, 100 గజాల్లో గ్రూప్ (చిల్లులన్నీ పడే వెడల్పు) అర అంగుళం వస్తోంది. నవంబర్ మొదటి శనివారం టెక్సస్‌లో జింకల సీజన్ మొదలు. హిల్ కంట్రీలో ఫ్రెండ్‌కి వేట భూమి లీజు ఉంది, రమ్మన్నాడు. ఉన్న మ్యాచ్ డబ్బాలతోనే వెళ్తే తప్పేంటి? గురి కుదిరిన బుల్లెట్ వదిలేసి ఇంకోటి ఎందుకు కొనాలి? లైసెన్స్, హంటర్ ఎడ్యుకేషన్ రెండూ అయిపోయాయి, ఆ క్లాసు మాత్రం పీకొద్దు.

పాత_వేటగాడు (శాన్ ఆంటోనియో):
తమ్ముడూ, కాగితానికి చిల్లు పడితే పని అయిపోయినట్టే. జింకకి చిల్లు పడ్డాకే అసలు పని మొదలవుతుంది.

మ్యాచ్ బుల్లెట్ చేసేవాళ్ల ధ్యాసంతా ప్రతి బుల్లెట్టూ అచ్చు పక్కదానిలాగే ఉండాలన్న దాని మీదే. జాకెట్ (పైనుండే రాగి తొడుగు) పలచన, లోపలి సీసం దానికి అతుక్కుని ఉండదు. 168 గ్రెయిన్ల సియెర్రా మ్యాచ్‌కింగ్ ఒకటి చేతిలోకి తీసుకుని చూడు, మొనలో సూది మొన పట్టేంత రంధ్రం కనిపిస్తుంది. 'హాలో పాయింటే కదా, విచ్చుకుంటుంది' అనుకుంటారు చాలామంది. అది విచ్చుకోవడానికి పెట్టింది కాదు. అడుగు భాగం సమంగా ఉంటేనే గురి నిలుస్తుందని, జాకెట్‌ని అడుగున మూసి మొన వైపు నొక్కి ముగిస్తారు. అక్కడ మిగిలిపోయిందే ఆ రంధ్రం. జంతువుకి తగిలినప్పుడు ఒక్కోసారి ఆ మొన మూసుకుపోయి సన్న చిల్లుతో అవతలికి పోతుంది, ఒక్కోసారి జబ్బ ఎముక దగ్గరే తునకలవుతుంది. ఏది జరుగుతుందో ముందే చెప్పలేం. మ్యాచ్‌కింగ్‌ని వేటకు సిఫార్సు చెయ్యమని సియెర్రా వాళ్లే అంటారు.

వేట బుల్లెట్‌ని ఆ సంగతి చూసుకునే చేస్తారు. 1946లో కెనడాలో ఒక మూస్ (పెద్ద దుప్పి) మీద తన బుల్లెట్లు పైపైనే పగిలిపోతే, జాన్ నోస్లర్ కూర్చుని పార్టిషన్ తయారుచేశాడు. 1948 నుంచి అమ్ముతున్నారు. మధ్యలో రాగి గోడ ఉంటుంది. ముందు సగం పుట్టగొడుగులా విచ్చుకుంటే, వెనక సగం ముద్దగా లోపలికి దూసుకుపోతుంది.

నీకైతే హార్నడీదే వేట బుల్లెట్, 143 గ్రెయిన్ల ఈఎల్‌డీ ఎక్స్ చాలు. కంపెనీ లెక్కల్లో దాని వేగం సెకనుకు 2,700 అడుగులు, నీ మ్యాచ్‌ది 2,710. గ్రూప్ అంగుళం వచ్చినా 200 గజాల్లో రెండంగుళాలు. జింకకి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు 8 అంగుళాలు. అదొక్కటే కొని రెండింటికీ వాడుకో.

ఫీనిక్స్_గురి:
పెద్దాయన మీద గౌరవం ఉంది గానీ, ఇది పాత పాట. 168 మ్యాచ్‌కింగ్‌ని చూపించి ఇప్పటి మ్యాచ్ బుల్లెట్లన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా? ఈఎల్‌డీ మ్యాచ్‌కి పాలిమర్ (ప్లాస్టిక్) మొన ఉంది, తగలగానే అది వెనక్కి నెట్టుకుని జాకెట్‌ని చీలుస్తుంది. .223 రైఫిల్‌లో 77 గ్రెయిన్ల టిప్డ్ మ్యాచ్‌కింగ్‌తో జింకల్ని కొట్టేవాళ్లు ఇక్కడ బోలెడుమంది. పక్కటెముకల మధ్య పడితే లోపల ఊపిరితిత్తులు నుజ్జయిపోతాయి, జంతువు అక్కడే కూలుతుంది. మీ గట్టి బుల్లెట్ సన్నగా దూరి పోతే, చీకట్లో లైట్లు పట్టుకుని పొదల్లో నెత్తురు జాడ వెతుక్కోవాలి.

పైగా జంతువు గాయంతో తప్పించుకుందంటే, నన్నడిగితే తప్పు బుల్లెట్‌ది కన్నా చేతిదే ఎక్కువ. ఏడాదంతా ఒకే తూటా కాల్చినవాడికి గాలికి ఎంత వదలాలో లెక్క వెయ్యకుండానే తెలుస్తుంది.

పాత_వేటగాడు:
'పక్కటెముకల మధ్య పడితే' అన్నావు చూడు, ఆ 'పడితే' దగ్గరే నా గొడవ. నువ్వు గురిపెట్టాక జింక ఒక్క అడుగు వేసి ఏటవాలుగా తిరిగిందనుకో, బుల్లెట్ జబ్బ ఎముక దాటుకుని లోపలికి పోవాలి. పలచని జాకెట్ అక్కడే చేతులెత్తేస్తుంది.

మాంసం సంగతీ ఉంది. 2008లో నార్త్ డకోటాలో పేదలకు దానమిచ్చిన జింక మాంసంలో సీసం తునకలు బయటపడ్డాయి, ఫుడ్ బ్యాంకుల్లో ఉన్నది పారేయమన్నారు. వేట బుల్లెట్‌లోనూ సీసమే, కాదనను. కానీ ఎంత ఎక్కువ పగిలితే అంత ఎక్కువ తునకలు. ఆ జింకని కీమా కొట్టించి పిల్లలకి పెట్టేది మనమే.

బే_ఏరియా_అక్క:
మాకు ఆ గొడవే లేదు. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటకు సీసం తూటా ఎక్కడా వాడకూడదు. గాయపడి పడిపోయిన జంతువుల్ని తిని కాండర్ రాబందులు సీసంతో చచ్చిపోతున్నాయని మొదలైన చట్టం. నేను వేటకు 120 గ్రెయిన్ల బార్న్స్ టీటీఎస్‌ఎక్స్ వాడతాను, మొత్తం రాగి. సీసం కన్నా రాగి తేలిక కాబట్టి అదే బరువుకు బుల్లెట్ పొడుగైపోతుంది, అందుకే కాస్త తక్కువ బరువుది. దూరం పెరిగి వేగం పడిపోతే సరిగా విచ్చుకోదు. రేంజ్‌లో మాత్రం మామూలు మ్యాచ్ తూటాలే. రెండు రకాలు పెట్టుకోవడం పెద్ద కష్టమేం కాదు, సీజన్ ముందు స్కోప్ మళ్లీ జీరో చేసుకుంటే (గురి సరిచేసుకుంటే) సరి.

తమ్ముడూ, డబ్బా మీద వేగాలు ఒకటేనని రెండూ ఒకే చోట పడతాయనుకోకు. నా బ్యారెల్‌లో రాగివి 100 గజాలకే అంగుళమున్నర కిందకి, కొంచెం కుడికి పడతాయి.

హైదరాబాద్_10మీటర్లు:
1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత మన దగ్గర వేట ఊసే లేదు కాబట్టి నేను చూసి ఆనందించే బాపతు. మా ఎయిర్ రైఫిల్‌లో 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ మొన బల్లపరుపుగా ఉంటుంది. గాలిని చీల్చే షేపు దానికి అక్కర్లేదు, దూరం పదే మీటర్లు. కాగితంలో అంచులు చిరగకుండా గుండ్రటి చిల్లు పడితే స్కోరు దగ్గర పేచీ ఉండదు, అందుకే ఆ షేపు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన గగన్ నారంగ్ కాంస్యం కొట్టిన ఈవెంట్ ఇదే.

కాటీ_బాబాయ్:
టాపిక్ కాకపోయినా చెప్పాలి. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం మామూలుగా నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు. లైసెన్స్ గడువు ఒకసారి చూసుకోండి. కొలరాడో వెళ్లేవాళ్లకి ఇంకోటి, అక్కడ జింకకి విచ్చుకునే బుల్లెట్టే వాడాలి, కనీసం 70 గ్రెయిన్లు.

ఫీనిక్స్_గురి:
నేను 300 గజాల లోపు, జంతువు పూర్తిగా పక్కకి తిరిగి నిలబడితేనే ట్రిగ్గర్ నొక్కుతాను. లేదంటే వదిలేస్తాను. అప్పుడు పెద్దాయన చెప్పే ఎముక నాకు అడ్డే రాదు. ఎఫ్ క్లాస్ (దూరపు గురి) పోటీలో 1,000 గజాల దగ్గర 10 పాయింట్ల వలయం 10 అంగుళాలు, లోపలి ఎక్స్ 5 అంగుళాలు. అక్కడికి వేట బుల్లెట్ పట్టుకెళ్లి గెలిచి రమ్మనండి చూద్దాం.

పాత_వేటగాడు:
వాడు అడిగింది పోటీ గురించి కాదు నాయనా, ఆదివారం రేంజ్ గురించి. వదిలేస్తానన్నావు చూడు, అది మంచి పద్ధతి. మొదటి సీజన్ కుర్రాడు జింక కనపడగానే గుండె దడదడలాడుతుంటే వదిలేస్తాడా?

డాలస్_తమ్ముడు:
నిజం చెప్పాలంటే వదలనేమో. 143 ఈఎల్‌డీ ఎక్స్ ఒక డబ్బా తెచ్చాను. ఆదివారం బ్యారెల్ చల్లగా ఉన్నప్పుడు మొదటి గుండు ఎక్కడ పడుతుందో చూస్తాను, వేటలో దక్కేది అదొక్కటే కదా. గ్రూప్ అంగుళం లోపు వస్తే ఇకపై రెండింటికీ అదే. రాకపోతే అక్క దారి.

ఫీనిక్స్_గురి:
రెండు రకాలూ ఒకే కాగితం మీద కాల్చి ఫోటో పెట్టు. అప్పుడు మాట్లాడదాం.