చేబ్రోలు పేరు వెనక కథ: ఆధారాలు ఎక్కడ, ఏ వరుసలో చూడాలి?

వెలనాటిబాట:
గుంటూరు నుంచి పొన్నూరు వెళ్లే దారిలో ఉన్న చేబ్రోలు గురించి గ్రామ చరిత్ర పుస్తకం తయారవుతోంది. తాంబ్రపె, తామ్రపురి, చేబ్రోలు అని మూడు పేర్లు కనబడుతున్నాయి. ఒకటి పోయి ఇంకొకటి వచ్చిందని రాయవచ్చా?

శిలాక్షరి:
అలా రాయకండి. ఏ పేరు ఏ భాష శాసనంలో ఉందో ముందు చూడండి, చిక్కు అక్కడే విడిపోతుంది.

ఈ పేర్లున్న శాసనాల్లో పాతది చేబ్రోలు భీమేశ్వరాలయం మరమ్మతుల్లో బయటపడి 2019లో వెలుగులోకి వచ్చిన సంస్కృత శాసనం. లిపి బ్రాహ్మి. శాతవాహన రాజు విజయుడి 5వ పాలనా సంవత్సరం, అంటే క్రీ.శ. 207 అని కేంద్ర పురావస్తు శాఖ లెక్క. శక్తిమాతృక భగవతి గుడి దగ్గర కార్తిక అనే వ్యక్తి ప్రాసాదం (గుడి కట్టడం), మండపం కట్టించి ప్రతిమలు నిలిపినట్టు అందులో ఉంది. ఊరి పేరు తాంబ్రపె.

తర్వాత 10వ శతాబ్దికి రండి. బెజవాడలోని తూర్పు చాళుక్య రాజు యుద్ధమల్లుడి శాసనం తెలుగు పద్యం, మధ్యాక్కరలనే ఛందస్సులో ఉంది. కుమారస్వామి చేబ్రోలు నుంచి బెజవాడ జాతరకు వచ్చిన సంగతి అందులో వస్తుంది. ఆ తర్వాత 13వ శతాబ్దిలో కాకతీయ గణపతిదేవుడి సేనాని జాయపుడి సంస్కృత శాసనంలో ఊరు మళ్లీ తామ్రపురి. తెలుగులో రాస్తే చేబ్రోలు, సంస్కృతంలో రాస్తే తామ్రపురి. రెండూ పక్కపక్కనే నడిచిన పేర్లు. ఓరుగల్లును ఏకశిలానగరం అన్నట్టే.

ఒక హెచ్చరిక: మొదటి శాసనంలో కార్తిక అంటే కట్టించిన మనిషి, బెజవాడ శాసనంలో కుమారస్వామి దేవుడు. ఈ రెంటినీ కలిపి కథ అల్లితే పుస్తకం మొత్తం మీద నమ్మకం పోతుంది.

పల్లెపదం:
పేరులో రెండు ముక్కలున్నాయి. ప్రోలు అంటే పురం. భట్టిప్రోలు, గొల్లప్రోలులో ఉన్నది ఇదే. నిడదవోలులోనూ ఇదే, అది ఒకప్పటి నిరవద్యప్రోలు. మొదటి ముక్క చెం, ఎరుపు అని అర్థం. చెందామర, చెంగల్వలో చూడండి. అనునాసికం (ముక్కుతో పలికే ధ్వని) పక్కన ప్రో కాస్తా బ్రో అయింది, సున్న జారిపోయి ముందున్న అచ్చు దీర్ఘమైంది. చెం+ప్రోలు, చెంబ్రోలు, చేబ్రోలు.

ఇక్కడ చాలామంది ‘రాగి గనులుండేవి’ అని రాసేస్తారు. తామ్రం అంటే రాగీ అవుతుంది, ఎర్రనిదీ అవుతుంది. చుట్టుపక్కల ఎర్ర గ్రావెల్ నేలలున్నాయి కాబట్టి నా మొగ్గు ‘ఎర్రనేల ఊరు’ వైపే. రాగి అనాలంటే చిట్టెమో (లోహం కరిగించాక మిగిలే మడ్డి) కొలిమి ఆనవాళ్లో చూపించాలి.

శిలాక్షరి:
ఆ మాటకు ఒక్కటి చేరుస్తాను. తాంబ్రపె ముందు రాతికెక్కింది కనక అదే మూలమని, చేబ్రోలు దాని అనువాదమని తేల్చేయకూడదు. క్రీ.శ. 207 నాటికి శాసనాలు ప్రాకృతంలోనో సంస్కృతంలోనో రాసేవారు. జనం నోట ఏముందో ఆ రాయి చెప్పదు.

తిథిలెక్క:
తేదీలు ఎవరి పుస్తకంలోంచో ఎత్తిరాయకుండా సరిచూసుకోండి. జాయపుడి శాసనం శక 1135, శ్రీముఖ. శకానికి 78 కలిపితే 1213. ఇప్పుడు సంవత్సరం పేరు: 2013లో ఉగాదికి విజయ వచ్చింది, వరుసలో 27వది. 2013లోంచి 1213 తీస్తే 800. దాన్ని 60తో భాగిస్తే శేషం 20. 27లోంచి 20 పోతే 7, ఏడవది శ్రీముఖమే. లెక్క కుదిరింది. ఒక్క ఏడాది తేడా వస్తే కంగారు పడకండి: ఉగాదికి ముందు నెలలైతే 79 కలపాలి, లేదా శాసనం గత శకం (నిండిన ఏళ్ల లెక్క) బదులు వర్తమాన శకం (నడుస్తున్న ఏడుతో కలిపిన లెక్క) వాడి ఉండాలి. విజయుడి శాసనానికి ఈ పరీక్ష పనికిరాదు. అందులో పాలనా సంవత్సరమే ఉంది కాబట్టి ‘సుమారు’ అని రాయడం మంచిది.

కవిలెకట్ట:
కాగితాల సంగతి. గుంటూరు జిల్లాను 1859లో రద్దు చేశారు, 1904లో మళ్లీ ఏర్పాటు చేశారు. మధ్య 45 ఏళ్ల రికార్డు కృష్ణా జిల్లా కింద వెతకాలి. గుంటూరు పేరుతో వెతికి ఏమీ లేదనుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ. 1883 నాటి కృష్ణా జిల్లా మాన్యువల్ రాసింది గోర్డన్ మెకంజీ. కైఫీయతులు (ఊరూరి స్థానిక చరిత్ర రికార్డులు) పోగుచేయించిన కల్నల్ కాలిన్ మెకంజీ వేరు, ఆయన 1821లోనే పోయాడు. ‘మెకంజీ రాశాడు’ అని పొడిగా రాయకండి.

కైఫీయతులో పుట్టుకథలు ఎక్కువే. వాటిని పేరుకు సాక్ష్యంగా వాడకండి. మాన్యాలు, చెరువులు, సరిహద్దులు, అమలుదారుల వరుస మాత్రం బాగా పనికొస్తాయి. చతుర్ముఖ బ్రహ్మ గుడి కట్టించిన అమరావతి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1816 దాకా ఉన్నాడు, అంటే కైఫీయతులు పోగవుతున్న రోజులకు దగ్గరివాడు. ఆ భాగాన్ని శ్రద్ధగా చదవండి.

వెలనాటిబాట:
గుళ్లో రాళ్లు ఫోటో తీయబోతున్నాం. జాగ్రత్తలు?

శిలాక్షరి:
సుద్దముక్కతో అక్షరాలు దిద్దకండి. దిద్దినవాడి ఊహే రాతి మీద మిగులుతుంది. సున్నం పట్టి ఉంటే గీకకండి. చీకటి పడ్డాక టార్చి రాయికి ఒక పక్కన, దాదాపు ఆనించి పట్టుకుంటే గాట్లలో నీడ పడుతుంది. నాలుగు వైపుల నుంచీ వెలుగు వేసి తీయండి, ఒక వైపు కనబడని కొమ్ము ఇంకోవైపు కనబడుతుంది. కొలబద్ద పక్కన పెట్టండి.

కవిలెకట్ట:
ఇంకొకటి. ఇదే పేరుతో ఉంగుటూరు మండలంలో ఒక చేబ్రోలు, గొల్లప్రోలు మండలంలో ఒక చేబ్రోలు ఉన్నాయి. రైల్వే స్టేషన్ ఉన్నది ఉంగుటూరు వైపు ఊరికి. పాత పత్రంలో రైల్వే స్టేషన్ ప్రస్తావన కనబడితే పక్కన పెట్టేయండి, అది మీ ఊరిది కాదు.