టూల్ మీద చిప్: ఘర్షణా, రాపిడా?

ఐటీఐ టర్నర్ పిల్లల కోసం తెలుగులో పాఠం రాస్తున్నాను. లేత్ (లోహాన్ని తిప్పుతూ కోసే యంత్రం) మీద మైల్డ్ స్టీల్ కోస్తుంటే చిప్, అంటే తెగి వచ్చే లోహపు పేలిక, టూల్ పైముఖాన్ని ఒత్తుకుంటూ బయటికొస్తుంది కదా, ఆ రెంటి మధ్య జరిగేదాన్ని ఏమనాలి? పుస్తకాల్లో ‘ఘర్షణ’ అని ఉంది. పేపర్లో ‘రెండు వర్గాల మధ్య ఘర్షణ’ చదివే పిల్లలకి అది కొట్లాటలా వినిపిస్తుంది. ‘రాపిడి’ అనొచ్చా, ‘ఒరిపిడి’ అనాలా?

— ‘రాపిడి’ చక్కటి మాటండి, కాకపోతే సగం దూరానికే సరిపోతుంది. రాపిడి అంటే రెండూ ఒకదాని మీద ఒకటి జారాలి. టూల్ మొన దగ్గర ఒత్తిడికి చిప్ అడుగు టూల్‌కి సందు లేకుండా అతుక్కుపోతుంది. దాని పైనున్న లోహమే పొరల్లో తెగుతూ ముందుకు సాగుతుంది. మొన నుంచి కాస్త దూరం పోయి ఒత్తిడి తగ్గాకే చిప్ నిజంగా జారుతుంది. రష్యన్ శాస్త్రవేత్త జోరెవ్ 1963లో ఈ రెండు భాగాలనీ విడదీసి చూపించాడు. బరువు ఎంత పెరిగితే ఘర్షణ అంత పెరుగుతుందన్న బడి సూత్రం మొన దగ్గర చెల్లదు.

అక్కడికి నేనైతే ‘పట్టేయడం’ అంటాను. ఆయిల్ లేక బేరింగ్ పట్టేసిందంటాం కదా, అదే. పిల్లలకి చిప్ చూపించండి (చేత్తో మాత్రం లాగనివ్వకండి, బ్లేడులా కోస్తుంది). పైవైపు మసకగా, గరుకుగా ఉంటుంది. టూల్‌ని ఆనుకున్న వైపు నున్నగా మెరుస్తుంది. వేగం తక్కువైతే పట్టేసిన స్టీలు మొన మీదే గడ్డకట్టి, ఊడి, జాబ్‌కి (కోస్తున్న ముక్కకి) అంటుకుని ఫినిష్ పాడుచేస్తుంది. షాపులో బిల్టప్ ఎడ్జ్ అనేది దీన్నే.

‘ఒరిపిడి’ని కూడా వదలకండి. టూల్ పక్కముఖం అప్పుడే కోసిన జాబ్‌ని ఒరుసుకుంటూ పోతుంది. ఆ మాట అక్కడ బాగా నప్పుతుంది.

— చాలా సంతోషమండి. మరి కోసే చోట పోసే ద్రవం గురించి ‘కూలెంట్ రాపిడిని తగ్గిస్తుంది’ అని రాశాను, ఉంచొచ్చా?

— ‘చల్లబరుస్తుంది’ అని ముందు రాయండి. చిప్ మీద నీళ్లు ధారగా పోస్తే కోత వేగం 30–40 శాతం పెంచొచ్చని అమెరికన్ ఇంజనీరు టేలర్ 1907లోనే రాశాడు. అది చల్లదనం వల్ల వచ్చిన లాభం. వేగంగా కోసేటప్పుడు పట్టేసిన చోటికి ద్రవం దూరడం కష్టం. ట్యాప్ కొట్టడం (రంధ్రం లోపల మరలు కోయడం) లాంటి నెమ్మది పనుల్లో మాత్రం ఆయిల్ రాపిడిని బాగానే తగ్గిస్తుంది, అక్కడ మీ వాక్యం అలాగే ఉంచండి.