చిన్న పార్టీ షాడో క్యాబినెట్ ఎలా పెట్టాలి?

ప్రశ్న: బెంగళూరులో మాది చిన్న పార్టీ, ఒక్క ఎమ్మెల్యే కూడా లేరు. కర్ణాటక మంత్రివర్గానికి దీటుగా షాడో క్యాబినెట్ (ఒక్కో మంత్రి శాఖ మీద కన్నేసి ప్రశ్నించే పార్టీ బృందం) పెట్టాలంటే 34 మందినీ వేయాలా?

జవాబు: అక్కర్లేదండీ. 34 అనేది 224 మంది శాసనసభ్యుల్లో 15 శాతం లెక్కన మంత్రుల సంఖ్యకు వచ్చిన గరిష్ఠ పరిమితి. మీకు ఆరుగురు చాలు: ఆర్థికం, నీళ్లు, రవాణా, ఆరోగ్యం, విద్య, నగరాభివృద్ధి. షాడో క్యాబినెట్‌కు చట్టపరమైన హోదా లేదు కాబట్టి ఎమ్మెల్యే లేకపోయినా అడ్డేమీ కాదు. 2020 మార్చిలో మహారాష్ట్రలో ఎంఎన్‌ఎస్ (మహారాష్ట్ర నవనిర్మాణ సేన) పార్టీ ఒక్క ఎమ్మెల్యేతోనే ప్రకటించింది.

జవాబు: పేర్లు ప్రకటించడం తేలికే, ఆ తర్వాత కాగితాలు చదివేవాళ్లు లేకే ఇలాంటివి చతికిలబడతాయి. శాఖకు ఇద్దర్ని పెట్టండి: ఒకరు మాట్లాడాలి, ఇంకొకరు కన్నడ ఉత్తర్వులు చదివి సారం రాయాలి. బడ్జెట్ ప్రసంగం వింటూ కూర్చోకండి. నిరుటి అంచనా, సవరించిన అంచనా, ఈ ఏటి అంచనా పక్కపక్కన పెడితే కోత ఎక్కడ పడిందో కనబడుతుంది.

జవాబు: శాఖల నుంచి సమాచారం కావాలంటే ఆర్టీఐ (సమాచార హక్కు) అర్జీ పెట్టండి: ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. కర్ణాటకలో ఒక అర్జీలో ఒకే విషయం అడగాలి, మామూలుగా 150 పదాలు దాటకూడదు. బీఎంటీసీ బస్సులు, బడుల ఖాళీలు కలిపి అడిగితే మొదటిదానికే జవాబిచ్చి, రెండోదానికి వేరే అర్జీ పెట్టమనవచ్చు.

అన్నట్టు, లెటర్‌హెడ్ మీద మూడు సింహాల ముద్ర మాత్రం వేయకండి, 2005 చట్టం ప్రకారం నేరం.