అమ్మకు కుడి ముక్కులోంచి నీళ్లు: ఎండోస్కోపీ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు చెప్పండి

ఒంగోలు_అమ్మాయి: మా అమ్మకు 48 ఏళ్లు. ఏడాదిన్నరగా కుడి ముక్కు ఒక్కటే కారుతోంది. అలర్జీ అని స్ప్రేలు, మాత్రలు వాడించారు, తగ్గలేదు. పొద్దున ముగ్గు వేయడానికి వంగితే చుక్కలు టపటపా పడేవి. ఇప్పుడేమో అది మెదడు చుట్టూ ఉండే నీరు, పైన ఎముకలో చిల్లు పడింది, ముక్కులోంచే వెళ్లి మూస్తాం అన్నారు. తల కోస్తారేమోనని అమ్మకు నిద్ర లేదు.

శారద_గృహిణి: తల కోయరమ్మా, నాకు మూడేళ్ల క్రితం చేశారు. బయట ముఖం మీద గాటు కూడా లేదు. మత్తు ఇచ్చి, ముక్కులోంచి కెమెరా పెట్టి, తొడ దగ్గర తీసిన పొర, కొంచెం కొవ్వు ఆ చిల్లు మీద అతికించారు. నిజం చెప్తున్నా, ముక్కు కంటే తొడ కుట్లే ఎక్కువ నొప్పి పెట్టాయి. నాక్కూడా గొంతులోకి ఉప్పగా దిగేది, అమ్మకూ అలా ఉందా?

ఒంగోలు_అమ్మాయి: ఉంది అక్కా, ఉప్పగానే ఉందంటోంది.

బైక్_యాక్సిడెంట్_భార్య: మా ఆయనకు తలకు దెబ్బ తగిలాక ఇలాగే కారింది. మంచం దిగకుండా పడుకోబెడితే వారంలో ఆగింది, హమ్మయ్య అనుకున్నాం. ఏడు నెలలకు విపరీతమైన జ్వరం, తలనొప్పి, మెడ వంగలేదు. మెనింజైటిస్, అంటే మెదడు పొరలకు ఇన్ఫెక్షన్! ఐసీయూలో తొమ్మిది రోజులు. తర్వాత చిల్లు మూయించాం. ఆపరేషన్ లోపు అమ్మకు జ్వరంతో మెడ పట్టేసినట్టు ఉంటే అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి, పొద్దున చూద్దాం అనుకోవద్దు.

ల్యాబ్_టెక్నీషియన్: ముక్కునీరు సీసాలో పట్టి బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ పరీక్షకు పంపారా? మెదడు నీటిలో ఉండే ఆ ప్రోటీన్ మామూలు చీమిడిలో ఉండదు కాబట్టి అనుమానం తీరుతుంది. చిల్లు ఎక్కడుందో సన్నటి సీటీ స్కాన్‌లో, ఎంఆర్ఐలో చూస్తారు.

ఒంగోలు_అమ్మాయి: పాజిటివ్ వచ్చిందండీ. అమ్మ కొంచెం లావు, తలలో ఆ నీటి ప్రెషర్ కూడా ఎక్కువ ఉండొచ్చు అంటున్నారు.

శారద_గృహిణి: అయితే ప్రెషర్ సంగతి గట్టిగా అడుగు. నాకూ అదే. ప్రెషర్ తగ్గకపోతే మూసినచోటో, ఇంకోచోటో మళ్లీ కారొచ్చని చెప్పి, మాత్రలు ఇచ్చారు, బరువు తగ్గమన్నారు. ఎనిమిది కిలోలు తగ్గాను. ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు జాగ్రత్తే అసలు పని: ముక్కు చీదకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి, తల ఎత్తుగా పెట్టి పడుకోవాలి. మలబద్ధకం రానివ్వకు, ముక్కితే ప్రెషర్ పెరుగుతుంది, మా డాక్టరు ముందే సిరప్ ఇచ్చారు. నీళ్ల బిందె నువ్వే ఎత్తు.

బైక్_యాక్సిడెంట్_భార్య: వాసన సంగతి కూడా ముందే అడగండి. మా ఆయనకు ఇప్పటికీ పోపు వాసన తెలియదు. దెబ్బవల్లో ఆపరేషన్‌వల్లో మాకు తేలలేదు.

ఒంగోలు_అమ్మాయి: అమ్మకు మీ మాటలన్నీ చదివి వినిపించాను. తొడ కుట్ల సంగతి విని "అంతేనా" అంది. సోమవారం అడ్మిట్ అవుతున్నాం.