పంజా అంటే ఐదు వేళ్ళా? మా కోడికి నాలుగే ఉన్నాయి

ప్రశ్న (బొమ్మలకథ)

నమస్కారమండీ. పిల్లల కోసం గద్ద మీద చిన్న కథ ఒకటి రాస్తున్నాను. "గద్ద పంజా చాచి కోడిపిల్లను తన్నుకుపోయింది" అని రాశాను. మా మామగారు చదివి, "పంజా పులిదమ్మా, గద్దవి గోళ్ళు" అన్నారు. అంతటితో ఆగి ఉంటే దిద్దేసి ఊరుకునేదాన్ని. పంజా ఫారసీ మాట, అందులో ఐదు ఉందని కూడా అన్నారు. అది విని నాలుగో తరగతి చదివే మా వాడు పెరట్లోకి వెళ్ళి, పెట్టను ఒడిసిపట్టి వేళ్ళు లెక్కపెట్టి వచ్చాడు. ముందు మూడు, వెనక ఒకటి. "నాలుగే! తాతయ్య తప్పు" అని తీర్పు చెప్పాడు. ముంజేతి మీద ఇంత పొడవున రక్కు కూడా తెచ్చుకున్నాడు. ఇప్పుడు నేను పంజా అని రాయాలా, గోళ్ళు అని రాయాలా?

జవాబు (చలిమంట)

రోజూ పేపర్లో "చలి పంజా విసురుతోంది" అని చదువుతూనే ఉన్నాం కదండీ. చలికి ఎన్ని వేళ్ళు? పంజా అనే రాయండి.

జవాబు (పాత ప్రూఫ్‌రీడర్)

చలి పంజాను నేను ఏళ్ళ తరబడి కొట్టేశాను, మర్నాటికి మళ్ళీ మొలిచేది. దాన్ని వదిలేద్దాం.

మీ మామగారు చెప్పింది నిజమే. ఫారసీలో పంజ్ అంటే ఐదు. మన పంచకు దగ్గరి చుట్టం. ఐదు నదుల పంజాబులో ఉన్నదీ అదే. పంజా అంటే మొదట ఐదు వేళ్ళ చెయ్యి. మా ఊరి పీర్లచావిడిలో దాన్ని కళ్ళారా చూశాను. పీరు కొసన ఐదు వేళ్ళు విప్పిన లోహపు చెయ్యి, దాని కింద వేలాడే రంగురంగుల దట్టీలు. ఆ ఐదు వేళ్ళను ప్రవక్త, ఫాతిమా, అలీ, హసన్, హుసేన్ అని భక్తులు చెప్పుకుంటారు. జోధ్‌పూర్ దగ్గర సలావాస్‌లో తివాచీ నేసేవాళ్ళు పోగును దిగ్గొట్టే ఇనప దువ్వెన పేరు కూడా పంజాయే. చెయ్యి నుంచి పులి పాదానికి, అక్కడి నుంచి పక్షి కాలికి వచ్చేసరికి మాట లెక్క మరచిపోయింది. పులికైనా ముందు కాలికే ఐదు గోళ్ళు, వెనక కాలికి నాలుగే. కాబట్టి మీ వాడి లెక్కా సరైనదే, తాతగారి మాటా సరైనదే.

గోరు మాత్రం అచ్చంగా మనది. తమిళంలో ఉగిర్, కన్నడంలో ఉగురు. అవర్ మన దగ్గర వారు అయినట్టే, ముందున్న అచ్చు లోపలికి జరిగి గోరు అయింది. నఖం సంస్కృతం. ఫారసీ నాఖున్, ఇంగ్లీషు నెయిల్ దాని బంధువులే. గోరు అంటే ఒక్క మొన, పంజా అంటే వేళ్ళూ గోళ్ళూ కలిసిన పట్టు మొత్తం. గద్దకు రెండూ చెల్లుతాయి.

అయినా మీ వాక్యంలో నేనైతే రెండూ పెట్టను. తన్నడం కాలి పని. తెలుగులో గద్ద ఎత్తుకుపోదు, తన్నుకుపోతుంది. కాలు ఆ క్రియలోనే ఉంది. "గద్ద కోడిపిల్లను తన్నుకుపోయింది" చాలు.

జవాబు (నాటుకోళ్ళు)

బాబు లెక్కపెట్టింది పెట్టను కాబట్టి చిక్కు లేదు. పుంజుకైతే కాలి వెనక పైన ఒక ముల్లు ఉంటుంది, అది వేలు కాదు, దాన్ని కలిపి ఐదు అనకూడదు. నిజంగా ఐదు వేళ్ళున్న కోళ్ళు కూడా ఉన్నాయి: సిల్కీ, డార్కింగ్. ఇక బొమ్మ వేసేవారికి ఒక మాట చెప్పండి. గద్ద కాలిలో వెనక వేలి గోరు పెద్దది, బాగా వంగి ఉంటుంది. పట్టు బిగిసేది దానితోనే. చాలా పుస్తకాల్లో ఆ వేలిని వెయ్యడమే మానేస్తారు, మూడు గీతలు గీసి ఊరుకుంటారు.

ప్రశ్న వేసినవారు (బొమ్మలకథ)

ధన్యవాదాలండీ. పంజా కొట్టేశాను, వెనక వేలు వేయించాను. మామగారికి అన్నీ చదివి వినిపిస్తే, "చూశావా, నేను అన్నది నిజమే" అన్నారు. మా వాడూ అదే అన్నాడు. ఇప్పుడు సిల్కీ కోడి కావాలని కూర్చున్నాడు. ధర ఎంత ఉంటుందండీ?