డివిజన్ 1 సాకర్ ఆడుతూ ఇంజినీరింగ్ చదవడం సాధ్యమేనా?

ఫ్రిస్కో నాన్న:
మా అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. ఇక్కడ అమెరికాలో పిల్లల క్లబ్బు సాకర్‌లో పై స్థాయి లీగుల్లో ఒకటైన ఈసీఎన్‌ఎల్‌లో ఉన్న క్లబ్బుకు మిడ్‌ఫీల్డర్‌గా ఆడుతోంది. కాలేజీ ఆటల్లో అన్నిటికంటే పై స్థాయి అయిన డివిజన్ 1 జట్టులో ఆడాలని, బయోమెడికల్ ఇంజినీరింగ్ చదవాలని దాని కోరిక. కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నిబంధనల ప్రకారం పదో తరగతి ముగిశాక జూన్ 15 నుంచి కోచ్‌లు పిల్లలతో నేరుగా మాట్లాడవచ్చు కాబట్టి, ఈలోగా ఇంట్లో ఒక మాటకు రావాలనుకుంటున్నాం. రెండూ పొసగవని మా ఆవిడ గట్టిగా అంటోంది. పట్టుదల ఉంటే పొసగుతాయని నేనంటున్నాను. పిల్లలను ఆ దారిలో పంపినవారు, స్వయంగా ఆడినవారు తమ అభిప్రాయం చెప్పాలని మనవి.

ఎడిసన్ అమ్మ:
మీ శ్రీమతి గారి వైపే నేను మాట్లాడతాను. వారానికి 20 గంటలు, రోజుకు 4 గంటలు మించి ఆటకు కేటాయించకూడదన్న నియమం కాగితం మీద ఎంతో భరోసా ఇస్తుంది. అయితే మ్యాచ్ ఉన్న రోజు ఎంతసేపు పట్టినా దాన్ని 3 గంటలుగానే లెక్క వేస్తారు. బస్సు ప్రయాణం, ఫిజియో దగ్గర గడిపే సమయం ఆ లెక్కలోకే రావు. పోటీలు ఆగస్టు చివర మొదలై నవంబరు దాకా సాగుతాయి, అంటే మొదటి సెమిస్టర్ దాదాపు మొత్తం ఆటతోనే గడుస్తుంది.

మా అబ్బాయి ఇంజినీరింగ్‌లోనే చేరాడు. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా కెమిస్ట్రీ ల్యాబ్, సరిగ్గా అదే వేళకు ప్రాక్టీసు. బయటి ఊళ్లో శుక్రవారం మ్యాచ్ ఉంటే గురువారం మధ్యాహ్నమే బస్సెక్కాలి. ప్రయాణానికి అనుమతి కోరుతూ జట్టు ఇచ్చిన ఉత్తరాన్ని ప్రొఫెసర్ గౌరవించి పరీక్షను మరో రోజుకు మార్చేవారు, కానీ తప్పిపోయిన ల్యాబ్‌ను ఉత్తరం తెచ్చి ఇవ్వలేదు కదా. రెండో ఏడాది వాడు కోర్సు మార్చుకున్నాడు. ఇష్టపడి మార్చుకుని ఉంటే నాకు ఈ బాధ ఉండేది కాదు.

మాజీ డిఫెండర్:
ఎడిసన్ అమ్మ గారూ, మీ బాధను కాదనను. అయినా డివిజన్ 1లో నాలుగేళ్లు ఆడి, గణితంలో డిగ్రీ పూర్తి చేసినదాన్ని కనుక రెండో వైపు కూడా చెప్పాలి. మాకు ప్రత్యేకంగా అకడమిక్ సలహాదారు ఉండేవారు. కోర్సుల నమోదులో మిగతా విద్యార్థులకంటే ముందు అవకాశం ఇచ్చేవారు కనుక ఉదయం తరగతులే ఎంచుకుని, ల్యాబ్ ఉన్న సబ్జెక్టులను మ్యాచ్‌లు తక్కువగా ఉండే రెండో సెమిస్టర్‌కు జరుపుకునేవాళ్లం. పైగా మూడో ఏడాది మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏటికి 60 శాతం పూర్తి కాకపోతే మైదానంలోకే రానివ్వరు. చదువును గాలికి వదిలేయడానికి ఆ వ్యవస్థ ఒప్పుకోదు.

ఎడిసన్ అమ్మ:
ఆ శాతాల నియమమే పిల్లలను సులువైన కోర్సుల వైపు నెడుతుందని నా అభ్యంతరం, అమ్మా. పూర్తి చేసిన క్రెడిట్లు ఎంచుకున్న డిగ్రీకే చెల్లాలి కనుక, నడుమ ఇంజినీరింగ్‌లోకి మారాలనుకునే పిల్లకు అంతవరకు చదివిన దానిలో సగం లెక్కకు రాదు. ఆడే అర్హత పోతుందన్న భయంతో తేలిక దారిలోనే ఉండిపోతారు. ఇంజినీరింగ్‌లో ఒకదాని తర్వాత ఒకటి వరుసగా చదవాల్సిన సబ్జెక్టులు చాలా ఉంటాయి. మీరన్నట్టు ల్యాబ్‌ను మరో సెమిస్టర్‌కు జరపడం అన్ని వేళలా కుదరదు.

మాజీ డిఫెండర్:
ఇంజినీరింగ్ విషయంలో మీ మాట నిజమే. అందుకే కోచ్‌తో మాట్లాడేటప్పుడు, ప్రస్తుత జట్టులో ఇంజినీరింగ్ చదువుతున్నవారు ఎంతమంది, వాళ్లు మూడో ఏడాదిలో కూడా ఆ కోర్సులోనే ఉన్నారా అని సూటిగా అడగాలి. వీలైతే వాళ్లతోనే మాట్లాడించమని కోరాలి. సమాధానం దాటవేసే కోచ్ దగ్గరకు పిల్లను పంపవద్దని నా గట్టి అభిప్రాయం.

కొలంబస్ మామయ్య:
ఇంతసేపూ డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. మన కుటుంబాల్లో చాలామంది ఏళ్ల తరబడి క్లబ్బు ఫీజులు, టోర్నమెంట్ల హోటల్ ఖర్చులు భరించేది స్కాలర్‌షిప్ ఆశతోనే. 2024-25 విద్యా సంవత్సరం దాకా డివిజన్ 1 మహిళల జట్టుకు 14, పురుషుల జట్టుకు 9.9 స్కాలర్‌షిప్‌లే పరిమితి, వాటినే పాతిక మంది పైచిలుకు ఆటగాళ్లు పంచుకునేవారు. ఎన్‌సీఏఏకు, ఆటగాళ్లకు మధ్య కుదిరి 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంలో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయి, జట్టులో 28 మందికి మించకూడదన్న నియమం వచ్చింది. దీనివల్ల కొందరికి డబ్బు పెరగవచ్చు గానీ, జట్టు చివరి వరుసలో ఉండే పిల్లలకు అసలు చోటే దొరక్కపోవచ్చు.

ఫ్రిస్కో నాన్న గారూ, మీ అమ్మాయి కోరిక బయోమెడికల్ కనుక డివిజన్ 3ను తక్కువగా చూడకండి. అక్కడ ఆట పేరుతో స్కాలర్‌షిప్ ఇవ్వరు, మార్కులను, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఆర్థిక సాయం ఇస్తారు. 2022లో డివిజన్ 3 మహిళల ఫైనల్లో జాన్స్ హాప్కిన్స్ జట్టు కేస్ వెస్టర్న్ రిజర్వ్ జట్టును ఓడించింది. ఆ రెండూ బయోమెడికల్ ఇంజినీరింగ్‌కు పేరున్న విశ్వవిద్యాలయాలే. రేపు మోకాలి లిగమెంట్ తెగి ఆట ఆగిపోయినా అదే కాలేజీలో చదవడానికి పిల్ల ఇష్టపడుతుందా అన్న ప్రశ్న వేసుకుంటే, డివిజన్ అంకె దానంతటదే వెనక్కి పోతుంది.

ఫ్రిస్కో నాన్న:
అందరికీ కృతజ్ఞతలు. డివిజన్ 3 అనగానే అమ్మాయి ముఖం చిన్నబుచ్చుకుంది, క్లబ్బులో తోటి పిల్లలందరూ డివిజన్ 1 గురించే మాట్లాడుకుంటారు మరి. హాప్కిన్స్ పేరు చెప్పాక కొంత వింటోంది. కోచ్‌లకు పంపే ఉత్తరం నేను రాసిపెట్టకుండా తననే రాయమన్నాం: ఏ సంవత్సరం హైస్కూల్ పూర్తవుతుంది, ఏ స్థానంలో ఆడుతుంది, మార్కులు, మ్యాచ్ వీడియో లింకు, రాబోయే టోర్నమెంట్ల తేదీలు. మొదటి వాక్యంలోనే బయోమెడికల్ చదవాలన్న కోరిక రాయాలా, లేక అది చూసి డివిజన్ 1 కోచ్‌లు పక్కన పెడతారా అన్నదే ఇప్పుడు మా ఇంట్లో వాదన.

ఎడిసన్ అమ్మ:
మొదటి వాక్యంలోనే రాయించండి. అది చూసి పక్కన పెట్టే కోచ్ రెండేళ్ల తర్వాత ల్యాబ్ వేళ వచ్చినప్పుడు ఎలాగూ అడ్డుపడతాడు. ఆ సంగతి ఇప్పుడే తేలిపోతుంది.